బ్రేకు లేని మేనమామ

తిరుత్తణి,
18-2-1979

అమృతవల్లికి వదిన రాజామణి రాసేది.

ముందుగానే చెప్తా ఉండా, మీ అన్న బాగానే ఉండాడు. ఈ ముక్క చదివినాక కింద కూర్చుని మిగతాది చదువు. నువ్వు వాకిట్లో నిలబడి జాబు చించే మనిషివని నాకు తెలుసు.

పోయిన శుక్రవారం కే.జీ.కండిగై సంతకు పొయినాడు. వచ్చేటప్పుడు బస్సు నిండా జనం. మీ అన్న ఫుట్‌బోర్డు మీద నిలబడినాడు. కండక్టరు పిల్లోడు మర్యాదగానే, "పెద్దాయనా, లోపలికి రాండి" అన్నాడంట. పెద్దాయన అన్నందుకు కోపమో, లోపలికి రమ్మన్నందుకు కోపమో, అక్కడే తగవుకు దిగినాడు. రెండు చేతులూ ఊపకపోతే మీ అన్నకు మాట రాదు కదా. అదే సమయానికి బస్సు మలుపు తిరిగింది. పోయి మైలురాయి మీద పడినాడు. నుదుటికి గట్టి దెబ్బ.

ఇక్కడి ఆసుపత్రిలో కుట్లు వేసినారు. శానా సేపు స్మారకం లేదు. నేను మొక్కని దేవుడు లేడు. కండ్లు తెరిచి మొదట అన్న మాట ఏందో తెలుసా? "అమృత అన్నం తినిందా?"

మీ బిడ్డను ఉయ్యాల్లో వేసినప్పుడు మీ అన్న తన మగ్గం మీద నేసిన పంచె తీసుకొస్తే, మీ ఆయన సుదర్శనం అన్న దాన్ని పట్టి చూసి, "బావా, రెండు ఉతుకులకు దోమతెర అయిపోతుంది" అన్నాడు కదా. మిల్లు గుడ్డల అంగట్లో పని చేసే నోరు, ఊరకుండలేదు. ఆ పొద్దు విస్తట్లో చెయ్యి కడుక్కుని లేచొచ్చిన మనిషి, ఇన్నేండ్లలో నీ పేరు ఎత్తలేదు. ఎవరైనా ఎత్తితే వాళ్ళ ముందర నుంచి లేచిపోయేవాడు. ఇప్పుడు పొద్దున లేస్తే అమృత, పండుకుంటే అమృత.

ఇంకొక వింత. నన్ను పేరు పెట్టి పిలస్తా ఉండాడు. పెండ్లయిన కాడి నుంచి "ఏమే", "ఇదిగో" తప్ప వేరే పిలుపు ఎరగను. నిన్న కట్టు మారుస్తా ఉంటే, "నీ చెయ్యి చల్లగా ఉండాది రాజామణీ, అట్లే పెట్టు" అన్నాడు. పక్క మంచం ఆయన పెండ్లాము నవ్వింది. నాకు సిగ్గయింది.

నువ్వు వస్తే సంతోషం, రాకపోయినా దిగులు పెట్టుకోవద్దు. పిల్లోడికి నా ముద్దులు.

నీ వదిన
రాజామణి

*

తిరువళ్ళూరు,
24-2-1979

వదినకు అమృత కాళ్ళు పట్టుకుని రాసేది.

నిలబడే చదివినాను! పక్కింటోళ్ళు నీళ్ళు తెచ్చి ముఖాన చల్లినారు. అన్నకు అట్లయితే నాకు ఇన్ని దినాలకా చెప్పేది? అయినా నిన్ను అని ఏం లాభం, తప్పు ఆ బస్సుది.

నాకు గూడా అన్న అంటే ప్రాణమే వదినా. ఈయన నోరు జారినాడు, నిజమే. ఆ రాత్రే నేను ఈయనకు పెట్టాల్సినవన్నీ పెట్టినాను. అన్నే అర్థం చేసుకోలేదు.

సరే, ఇప్పుడు అసలు సంగతి. షణ్ముగానికి ఐదు నిండతా ఉండాది. తిరుత్తణి సామికి ఇస్తానన్న పుట్టువెంట్రుకలు ఇంకా తల మీదే ఉండాయి. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టకుండా మొట్టె కొట్టించి గుండు చేయించకూడదు, చెవులు కుట్టించకూడదు. తాయ్‌మామన్, సొంత మేనమామ, బతికి ఉండగా ఇంకొకరి ఒళ్ళో కూర్చోబెడితే ఊరు నా ముఖాన ఉమ్మేస్తుంది. వాడికి రెండు జడలు వేస్తా ఉండా. పేన్లు వేరే. మొన్న పూలమ్మే ఆమె "పాపకు కనకాంబరాలు పెట్టమ్మా" అని పెట్టేసింది, వాడు ఊరంతా తిరిగొచ్చినాడు.

జూన్‌లో బడి. ఆ లోపల జరగాల. అన్న ఇప్పుడు నన్నే తలుచుకుంటా ఉండాడు కదా? గాలి ఉన్నప్పుడే తూర్పార పట్టుకోవాల వదినా. వచ్చే వారమే మంచి రోజు ఉండాది. కట్టు ఉన్నా పరవాలేదు, పైన తలపాగా చుట్టిద్దాం. దెబ్బ మానక ముందరే ఒకసారి కూర్చోబెట్టేస్తే చాలు, ఆ తరువాత ఎంత కోపమొచ్చినా సామికి ఇచ్చిన వెంట్రుకలు మళ్ళా అతికించలేడు కదా!

వెంటనే జవాబు రాయి. కార్డు అయినా సరే.

అమృత

*

తిరుత్తణి,
10-3-1979

అమృతా,

నీ జాబు చదివి నాకు నవ్వొచ్చింది, ఆ వెనకనే కడుపు మండింది. ఇల్లు కాలి ఒకడు ఏడస్తా ఉంటే చుట్టకు నిప్పు అడిగినట్టు ఉండాది నీ కత. అన్న తల పగిలితే చెల్లెలికి ముహూర్తం దొరికిందంట!

మీ అన్నను మదరాసులో పెద్దాసుపత్రికి పిలుచుకుపొయినాను. ఎందుకు పోవలసి వచ్చిందో విను. నేతగాళ్ళ సొసైటీ సెక్రెటరీ గోపాలన్ చూసేదానికి వచ్చినాడు. మీ అన్న ఆయన చెయ్యి పట్టుకుని, "గోపాలా, నువ్వు మంచోడివే, గాని నీ పాట మాత్రం భరించలేమయ్యా. నువ్వు భజనలో ఎత్తుకుంటే సామే తిరుపతికి పోవాలనుకుంటాడు" అన్నాడు. అది ఊరంతా అనుకునే మాటే, ముఖాన అనే ధైర్యం ఎవరికుండాది? గోపాలన్ కాఫీ దించి లేచిపొయినాడు. ఆ వెనక పక్కింటి కుప్పమ్మ వాళ్ళింట్లో దూడ చచ్చిపోతే మీ అన్న దాని పక్కన కూర్చుని ఏడ్చినాడు. తగాదా తప్ప కంట తడి ఎరగని మనిషి!

ఆసుపత్రిలో తల మీద అక్కడక్కడా జిగురు మాదిరి ఏందో రాసి, వైర్లు అంటించినారు. పక్కన మిషను. కాయితం పొడుగ్గా జారతా ఉండాది, దాని మీద సూదులు గీతలు గీస్తా ఉండాయి. ఇ.ఇ.జి. అంటారంట. మెదడులో పుట్టే కరెంటు అది. మన ఆలోచనంతా కరెంటే అంటే నమ్మతావా? మా వీధిలో దినానికి నాలుగు తూర్లు కరెంటు పోతుంది, తలకాయలో మాత్రం పోకుండా సామి చూసుకుంటా ఉండాడు.

డాక్టరమ్మ ఓపికస్తురాలు, మన చిత్తూరు వైపు తెలుగే. నేను అడిగినాను, "అమ్మా, ఈ గీతల్లో చెల్లెలి మీద ప్రేమ యాడుండాదో చూపించండి" అని. ఆమె నవ్వింది. "మూర్ఛ వచ్చే గుణం ఉందా లేదా అని చూసేదానికే ఇది. కోపానికొక గది, ప్రేమకొక గది అని మెదడులో గోడలు కట్టి పెట్టలేదమ్మా. అన్నీ కలిసి పని చేస్తాయి" అనింది. మూర్ఛ గుణం లేదంట, ఆ మట్టుకు మేలు. నుదుటి వెనకాల ఉండే భాగం మనిషికి బ్రేకు మాదిరంట. ఏది అనొచ్చు, ఏది మింగాల, ఎవరి ముందర ఏడవొచ్చు అనేదాన్ని అది పట్టి ఆపతా ఉంటుందంట. దెబ్బకు అది వాచి ఉండాది. "బండి మంచిదే, బ్రేకు లూజయింది. కొన్ని నెలలకు సర్దుకోవచ్చు. అంతదాకా గుంపుల్లోకి, మేళాల మధ్యకు తీసుకుపోవద్దు" అని చెప్పింది.

కాబట్టి ముహూర్తాలు పెట్టవద్దు. పిల్లోడి జడకు వేపనూనె రాయి, పేన్లు పోతాయి.

రాజామణి

*

తిరువళ్ళూరు,
18-3-1979

వదినా,

నేను చుట్టకు నిప్పు అడిగేదాన్నా? బాగుండాది. అన్న నన్ను తలచుకుంటా ఉండాడని రాసింది నువ్వే, రావద్దని రాసేదీ నువ్వే. ఏ మాట నమ్మేది?

ఆలోచించి చూస్తే నాకు ఒకటి తోస్తా ఉండాది, చెప్తే కోపం తెచ్చుకోవద్దు. (తెచ్చుకుంటావు.) అన్న ఇన్నేండ్లు రాకపోయేదానికి వెనక నువ్వే ఉండావేమో! అన్నకు లోపల నా మీద ప్రేమ ఉండాదని ఇప్పుడు బయటపడింది కదా. మరి ఆపింది ఎవరు? ఆ డాక్టరమ్మ చెప్పిన బ్రేకు నువ్వేనా?

ఆ గీతల కాయితం నాకు పంపించు. మా వీధిలో బడి అయ్యవారు ఉండాడు, సైన్సు చెప్తాడు. ఆయన చూసి చెప్తానన్నాడు. నిన్న ఆయనే, "మనిషికి కోపం గుండెలో పుట్టదమ్మా, తలలోనే" అన్నాడు. అట్లయితే కోపమొస్తే గుండె ఎందుకు దడదడ కొట్టుకుంటుందని అడిగినాను. "తల చెప్తే గుండె వింటుంది" అన్నాడు. మా ఇంట్లో అది జరగదు. ఇక్కడ ఎవరు చెప్పినా ఎవరూ వినరు.

ఈయన మాత్రం ఒకటే మాట. "మీ అన్న మంచిగా మాట్లాడతా ఉండాడంటే నాకు భయంగా ఉండాది. తిట్టేటప్పుడే వాడు నాకు తెలిసినోడు" అంటాడు. ఈయన తలకు ఏ వైర్లు పెట్టాలో!

నువ్వు అన్నను పంపకపోతే మా పెద్దనాయన కొడుకు ఆదికేశవులు ఉండాడు. అన్న వరసే కదా. వాడి ఒళ్ళో కూర్చోబెడతాను. ఊరు ఉమ్మితే తుడుచుకుంటా.

అమృతవల్లి

*

తిరుత్తణి,
2-4-1979

అమృతవల్లికి,

కోపం తెచ్చుకున్నాను. రెండు దినాలు నీ జాబును బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టినాను. అయినా అది లోపల నుంచి తిడతానే ఉండాది.

నేను ఆపినానా? ఉగాదికి ఉగాదికి "ఒకసారి పోయొద్దాం, ఆడబిడ్డ కదా" అని అడిగి తిట్లు తిన్నది నేను. నువ్వు పంపించిన మామిడికాయ ఊరగాయను "మా అమ్మ పంపింది" అని చెప్పి పెట్టినది నేను. దాన్నే మెచ్చుకుని తిన్నాడు, తెలుసా?

నిజం చెప్తా విను. ఈ జాబు చదివి చించెయ్యి. ఈ దెబ్బ తగిలిన మనిషితో నేను సుఖంగా ఉండాను. మొన్న నేను పెట్టిన వత్తకొళంబు పులుసు తిని, వీధిలోకి పోయి అరుగు మీద నిలబడి, "ఈ వీధిలో మా రాజామణి మాదిరి వండేవాళ్ళు ఎవరైనా ఉంటే రాండి!" అని సవాలు విసిరినాడు. కుప్పమ్మ తప్ప అందరూ తలుపులు వేసుకున్నారు. నాకు భూమిలోకి దూరిపోవాలనిపించింది. లోపలికొచ్చి తలుపు మూసుకుని ఏడ్చినాను. నలభై దాటినాక మొగుడు మెచ్చుకుంటే ఏడుపు కాక ఏమొస్తుంది?

కాబట్టి ఆ బ్రేకు తొందరగా బాగుపడాలని నేనేం ఉరుకులు పెట్టడం లేదు. ఆ మాట ఒప్పుకుంటాను. అయితే అందుకోసమే చెప్తా ఉండా. ఈ మనిషిని తీసుకొచ్చి నీ పిల్లోడిని ఒళ్ళో కూర్చోబెట్టుకోమంటే ఇప్పుడే కూర్చోబెట్టుకుంటాడు. దారిన పోయే పిల్లోళ్ళనంతా కూర్చోబెట్టుకుంటా ఉండాడు! అది నీకు కావలసిన మేనమామేనా? రేపు తెలివి నిమ్మళించి, "నేను లేని సమయంలో నా ఒళ్ళు వాడుకున్నారు" అంటే ఏం చెప్తావు? ఆయన మనసు ఆయన చేతికొచ్చినాక, తానే రావాల. నాకు చెప్పిన మంచి మాటలు గూడా అప్పుడు నిలబడతాయో, కుట్లతో పాటు ఊడిపోతాయో. నీకొక్కదానికే కాదు భయం.

కాయితం ఆసుపత్రిలోనే ఉండాది. మీ అయ్యవారిని తమాషా చేయవద్దని చెప్పు.

రాజామణి

*

తిరువళ్ళూరు,
20-5-1979

వదినకు,

నీ జాబు చించలేదు. రెండు తూర్లు చదివినాను. ఆ ఊరగాయ సంగతి నాకు తెలియదు.

బడిలో పేరు రాయించేదానికి పోతే హెడ్‌మాస్టరు షణ్ముగాన్ని చూసి ఆడపిల్లల వరసలో కూర్చోబెట్టినాడు. వీడు గూడా నిమ్మళంగా కూర్చున్నాడు, పక్క పిల్ల బొరుగులు పెట్టిందంట. తప్పు తెలిసినాక, "అమ్మా, బడి తెరిచేలోగా వెంట్రుకలు తీయించుకుని రాండి, లేకపోతే పక్క ఏటికి చూద్దాం" అన్నాడు. అరవం చదువులో పడవలసిన వీడికి ఒక ఏడు ఆలస్యమైతే ఎట్లా?

నువ్వు చెప్పింది న్యాయమే. ఇంగ నేను అడగను. నాకు జరగవలసినది నేను చూసుకుంటాను. అన్నను జాగ్రత్తగా చూసుకో.

అమృత

*

తిరువళ్ళూరు,
6-6-1979

వదినా,

ఆ దినం కొండ మీద నీతో మాట్లాడేదానికి కుదరలేదు. "ఇప్పుడు అడగొద్దు, జాబు రాస్తా" అని గుసగుసగా చెప్పి, పరుగెత్తి అన్న తుండుగుడ్డ పట్టుకున్నావు. ఇక్కడ ఈయనను అడిగితే నవ్వతాడే తప్ప నోరు తెరవడు. మా ఇంట్లో ఏం జరిగింది? నాకు నిద్ర పట్టడం లేదు.

నా పక్క కత ముందర చెప్తా. "ఇంగ అడగను" అని రాసినానే గాని, ఆదికేశవులును పిలుచుకుని, పిల్లోడితో పొద్దున రైలుకే తిరుత్తణి వచ్చినాను. ముందర మీ ఇంటికే వచ్చినాను వదినా, ఒట్టు. కడసారి అన్న ముఖం చూసి అడుగుదామని. తాళం! కుప్పమ్మ, "వాళ్ళు మీ ఊరికే పొయినారు కదా" అనింది. నేను నమ్మలేదు. నేను వస్తా ఉండానని తెలిసి మాయమైనారు అనుకున్నాను. మీ వాకిట్లోనే నిలబడి నిన్ను నోటికొచ్చినట్టు తిట్టినాను, కుప్పమ్మ చెప్పి ఉంటుంది. చెప్పలేదంటే ఆమె బంగారం.

కొండెక్కినాం. నేను మధ్యాన్నం దాకా సాకులు చెప్తానే ఉండాను. నీళ్ళు తేవాల, పూలు తేవాల అని. మంగలాయన విసుక్కున్నాడు. ఇంగ గత్యంతరం లేక ఆదికేశవులును కూర్చోమన్నాను. పిల్లోడి తల తడిపినారు. కత్తి ఎత్తినారు.

అప్పుడు మెట్ల కాడ అరుపు. "ఎవడ్రా వాడు! లెయ్యరా ఆ పీట మీద నుంచి!"

ఆదికేశవులు పిల్లోడితో పాటు ఎగిరి లేచినాడు. మంగలాయన కత్తి దాచుకున్నాడు. రొప్పతా, చెమటలు కారతా, అన్న! వెనకాల ఈయన, ఆ వెనకాల నువ్వు. అన్న నా వైపు చూడను గూడా చూడలేదు. పీట మీద కూర్చుని, "ఇట్ల ఇవ్వు బిడ్డను" అన్నాడు. మంగలాయనను కత్తి పదును లేదని తిట్టినాడు, ఈయనను నీడకు అడ్డమని తిట్టినాడు, చెవులు కుట్టే ఆచారిని చెయ్యి వణకతా ఉండాదని తిట్టినాడు. సూది దిగి వాడు కెవ్వుమంటే అన్న వాడి కంటే గట్టిగా, "చాలు ఆపండయ్యా!" అన్నాడు. ఇంకొక చెవి బాకీ ఉండాదని అందరం బతిమలాడవలసి వచ్చింది.

నేను నవ్వతా ఏడస్తా ఉండాను. ఇన్ని నెలలుగా కోపమే లేదని రాసినావు కదా? మరి ఇదేంది? నయమైనాడా, ముదిరిందా? నాకు ఒకటే తెలియాల. ఆ దినం నా బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నది మా అన్నా, దెబ్బా?

అమృత

*

తిరుత్తణి,
15-6-1979

అమృతా,

నీ వాకిలి తిట్లు కుప్పమ్మ పొల్లు పోకుండా వినిపించింది, రాగంతో సహా. ఆమె బంగారం కాదు.

"ఇంగ అడగను, నాకు జరగవలసినది నేను చూసుకుంటాను" అని నువ్వు రాసిన ముక్క చూసి నేను, చెల్లెలు పూర్తిగా విరక్తి పడిపోయింది అనుకున్నాను. న్యాయం చెప్పి చెప్పి ఆడబిడ్డను పోగొట్టుకున్నానే అని రెండు దినాలు తిండి సయించలేదు. గుంపు లేకుండా నీ ఇంటికే మీ అన్నను తీసుకొచ్చి, ముఖాముఖి కూర్చోబెడదామని ఆ పొద్దు బయలుదేరినాను. మీ రైలు ఇటు, మా రైలు అటు. దారిలో యాడో ఒకరినొకరం దాటుకున్నాం.

మీ ఇంట్లో సుదర్శనం అన్న ఒక్కడే బనీనుతో కూర్చుని పేపరు చదవతా ఉండాడు. మీ అన్న పోయి వాటేసుకుని, "బావా, నా మీద కోపమా?" అని భోరుమన్నాడు. సుదర్శనం అన్న పేపరు అడ్డం పెట్టుకుని నన్ను చూసి, "చెల్లెమ్మా, నేనేమైనా చేసినానా?" అన్నాడు. నువ్వు పెట్టిపోయిన పెరుగన్నం ముగ్గురం తిన్నాం. మీ అన్న ప్రతి ముద్దకూ మెచ్చుకుంటా ఉంటే, మీ ఆయన ప్రతి ముద్దకూ భయపడతా ఉండాడు.

ఆ తరువాత, "అమృత యాడ?" అన్నాడు. సుదర్శనం అన్న అటూ ఇటూ నసిగినాడు. అంగట్లో గుడ్డ అమ్మేటప్పుడు వచ్చే అబద్ధం ఇంట్లో రాదు కదా, కక్కేసినాడు. తిరుత్తణి పోయిందని, మొట్టెకని, ఆదికేశవులు ఒళ్ళో అని.

మీ అన్న ముఖం ముందర తెల్లబడింది, తరువాత ఎర్రబడింది. నాకు తెలిసిన ఎరుపే. మజ్జిగ చెంబు పోయి గోడకు తగిలింది.

"నేను చచ్చినానా? నా మేనల్లుణ్ణి ఎవడి ఒళ్ళోనో కూర్చోబెడతారా? ఇన్నేండ్లు జడలేసి తిప్పినది నా కోసమే అయితే, ఇంకొక పూట ఆగలేదా నీ పెండ్లాము!"

నేను మజ్జిగ మధ్యలో కూలబడినాను. సంతోషమో దుఃఖమో నాకే తెలియలేదు. సుదర్శనం అన్న ముఖం మాత్రం వెలిగిపోయింది. చొక్కా వేసుకుంటా, "ఇప్పుడు నమ్మతాను చెల్లెమ్మా, ఇది మా బావే" అన్నాడు. రైల్లో మీ అన్న అరక్కోణం దాకా ఆయననే తిట్టినాడు, మిల్లు గుడ్డ మొదలుకొని ముక్కు దాకా. ఆయన కిటికీ పక్కన చోటు ఇచ్చి మరీ విన్నాడు.

పోయిన వారం డాక్టరమ్మను చూసినాం. ఒక్క చెంబుకు బ్రేకు తిరిగొచ్చిందా అని అడిగితే, "ఒక్క దినంలో రాదమ్మా. కొంచెం కొంచెంగా వస్తానే ఉంటుంది, మీరు ఆ దినం చూసినారు" అనింది. శానా మటుకు నయమంట. అన్నా దెబ్బా అని నువ్వు అడిగినావు కదా, అదే ఆమెను అడిగినాను. "దెబ్బకు అదుపు తప్పుతుంది. లోపల ఏముందో నా మిషను చెప్పదు, ఆయననే అడగండి" అనింది.

ఇంటికొచ్చినాక మళ్ళా మామూలే. రెండు దినాలు "ఏమే". కొళంబులో ఉప్పు ఎక్కువ. గోపాలన్‌తో మాటల్లేవు. నేను ఏమీ అనుకోకూడదనే అనుకున్నాను, అమృతా. అయినా నిన్న మధ్యాన్నం మగ్గం కాడ నూలు కండెలు అందిస్తా ఉంటే ఉండబట్టలేక అడిగేసినాను. "దెబ్బ తగిలినప్పుడు అన్న మాటలన్నీ గుర్తుండాయా?"

"ఉండాయి" అన్నాడు, తల ఎత్తకుండా.

"చెల్లెలి మాటలు, నా వంట మాటలు, నా చెయ్యి చల్లన అని..."

"ఆ సమయంలో మనిషి నోటికొచ్చింది అంటాడని డాక్టరు చెప్పలేదా? ఊరికే ప్రాణం తీయొద్దు."

సరే అని కండెల బుట్ట తీసుకుని లేచినాను. గడప దాటినానో లేదో, మగ్గం చప్పుడు ఆగింది.

"నోటికొచ్చింది అంటాడని చెప్పింది గాని, అబద్ధం చెప్తాడని చెప్పిందా ఆ డాక్టరు?" అని నాలుగిండ్లకు వినపడేటట్టు అరిచినాడు.

కుప్పమ్మ గోడ మీద నుంచి తల ఎత్తి ఏం జరిగిందని అడిగింది. "ఏం లేదక్కా, తిడతా ఉండాడు" అని చెప్పి, నేను లోపలికి పోయి పొయ్యి అంటించుకున్నాను.

వదిన
రాజామణి